నాలుగు అడుగుల ఎండ

మా కాలేజీ గేటుకి కట్టిన ఫ్లెక్సీ మీద ఆవిడ చేతులు చూశాను. చేతులు మాత్రమే. మణికట్టు దగ్గర ఫొటో కత్తిరించేశారు. కత్తిరించినా ఎడమ చేతి మీది తేలు పచ్చబొట్టులో తోక మిగిలింది, వంకర తిరిగిన చిటికెనవేలు మిగిలింది. ఆ రెండు అరచేతుల మధ్య అగ్గిపెట్టెంత తాబేలు పిల్ల. కింద లావుపాటి అక్షరాల్లో 'వేడెక్కుతున్న భూమిని కలిసి కాపాడుకుందాం' అని రాసి ఉంది. ఆ కింద మా ప్రిన్సిపాల్ గారు, ముఖ్య అతిథి గారు, ఇంకా ఎవరెవరో పాస్‌పోర్టు సైజుల్లో నవ్వుతున్నారు. అందరి కిందా పేర్లున్నాయి. చేతుల కింద ఏమీ లేదు.

అది 2019 జూన్, విజయనగరం. పర్యావరణ దినోత్సవం. ఆవిడ పోయి అప్పటికి మూడు నెలలయింది. ఆ ఫొటో తీసింది నేనే, నా మొదటి స్మార్ట్‌ఫోన్‌తో. తీసినప్పుడు అందులో ఆవిడ మొహం కూడా ఉంది. నోట్లో చుట్ట ఉంది. అదే ఎవరికో నచ్చి ఉండదు.

ఆవిడ పేరు నేను కూడా రాయను. ఒకసారి రాశాను. దాని సంగతి చెప్పడానికే ఇదంతా.

ఎచ్చెర్లలో జువాలజీ ఎమ్మెస్సీ అయిపోయాక, సముద్రపు తాబేళ్ళని కాపాడే ఒక సంస్థలో కాంట్రాక్టు మీద చేరాను. ఉద్యోగం పేరు క్షేత్ర సహాయకురాలు. పని వినడానికి సులువే. చలికాలం చివర్లో తాబేళ్ళు ఒడ్డెక్కి ఇసుకలో గొయ్యి తవ్వి వంద, వందా ఇరవై గుడ్లు పెట్టి వెళ్ళిపోతాయి. కుక్కలూ నక్కలూ తవ్వేసేలోపు ఆ గుడ్లు తెచ్చి, వల కట్టిన దొడ్డిలో మళ్ళీ అలాంటి గోతులే తవ్వి పాతాలి. నెలన్నర, రెండు నెలల మధ్యలో పిల్లలు పైకి వస్తాయి. సముద్రంలో వదలాలి. కళింగపట్నానికి ఉత్తరాన ఒక మత్స్యకారుల వాడలో అలాంటి దొడ్డి ఒకటి వేశారు. దానికి కాపలా ఈవిడ.

మొదటి రోజు బస్సు దిగి అడిగితే, ఎండుచేపలు తిరగేస్తున్న ఆడవాళ్ళు గడ్డాలతోనే చూపించారు. ఇసుకలో గొంతుక్కూచుని చుట్ట కాలుస్తోంది. నిప్పున్న కొస నోటి లోపల, ఆరిన కొస బయట. అడ్డపొగ. మా వైపు పాతకాలపు ఆడవాళ్ళకి ఇది మామూలే కాబట్టి నాకేమీ వింతనిపించలేదు.

"పిన్నీ, నన్ను సంస్థ వాళ్ళు పంపించారు," అన్నాను.

చుట్ట తీసి నన్ను ఎగాదిగా చూసింది. "పిన్నేటి? నాకేటి అంత వొయిసొచ్చీసినాదేటి? అప్పా అను."

యాభై దాటి ఉంటాయి. అప్పటినుంచీ నాకు అప్ప. నేను ఆవిడకి మామూలుగా పాపని, తప్పు చేస్తే 'ఒసే పిల్లా'ని.

అప్ప చెప్పులు వేసుకునేది కాదు. నేను దొడ్డిలో నాలుగు మూలలా థర్మామీటర్లు గుచ్చి అంకెలు రాసుకుంటుంటే, ఆవిడ మిట్టమధ్యాహ్నం ఎండిన ఇసుక మీద నడుచుకుంటూ వెళ్ళేది. కాళ్ళు కాలి తడి ఇసుక మీదికి గెంతేదాకా ఎన్ని అడుగులు వేసిందో అదే ఆవిడ లెక్క. "ఇయాల పన్నెండు అడుగుల ఎండ పాపా," అనేది. ఇంకో రోజు, "తొమ్మిది." నా నోట్‌బుక్కులో అంకె పెరిగిన రోజున ఆవిడ అంకె తగ్గేది. రెండూ పక్కపక్కన రాసి చూస్తే నాకు నవ్వూ వచ్చింది, కాస్త కుళ్ళూ వచ్చింది. నా థర్మామీటర్లకి బ్యాటరీలు కావాలి.

"నా సిన్నప్పుడు ఏసంకాలంలో కూడా ఇరవై అడుగులు ఏసీదాన్ని," అంది ఒకసారి.

"చిన్నప్పుడు కాళ్ళు గట్టిగా ఉంటాయి కదప్పా."

"ఒసే, సిన్నప్పుడు మెత్తగుంటాయే కాల్లు. ఇప్పుడే గట్టిపడ్డాయి. ఐనా కాలతన్నాయి. ఆలోసించు."

దూరాలు మాత్రం చుట్టలతో కొలిచేది. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఇంటి గుమ్మం దగ్గర ముట్టించిన చుట్ట సముద్రం దగ్గరికి వెళ్ళేసరికి అయిపోయేదట. ఆ గుమ్మం ఇప్పుడు సముద్రంలో ఉంది. వాడలో ముందు వరస ఇళ్ళన్నీ రెండు తుఫాన్లలో, మధ్యలో ఏ తుఫానూ లేని మామూలు కెరటాల్లో, కొంచెం కొంచెంగా పోయాయి. అప్ప వెనక వరసలో తాటాకుల పాక వేసుకుని ఉండేది. ఇల్లు పోయిన సంగతి చెప్పేటప్పుడు కూడా సముద్రాన్ని ఒక్క మాట అనేది కాదు. "తీసుకెలిపోనాది" అనేది, అంతే.

ఆవిడ పెనిమిటీ కొడుకూ గుజరాత్‌లో, వేరావల్ బోట్ల మీద పని చేసేవారు. ఆ వాడలో వల లాగే ఓపికున్న మగాళ్ళంతా అక్కడే. ఏడాదిలో ఎనిమిది నెలలు వాడంటే ఆడవాళ్ళు, పిల్లలు, మంచాన పడ్డ ముసలాళ్ళు. ఇక్కడ సముద్రం లేదా అంటే ఉంది. చేప లేదు. "ఒడ్డు మీద నిలబడి వలేస్తే కవ్వల్ల సేప మోయనేక పోయీవోల్లం. నీల్లు ఏడెక్కి సేప లోపలికెలిపోనాది. దానెనక మన మగోల్లు ఎల్తన్నారు," అనేది.

ఒకసారి సంస్థ వాళ్ళు వాడలో అవగాహన సదస్సు పెట్టారు. పోస్టరు మోసుకొచ్చింది నేనే. 'భూతాపానికి కారణాలు' అని పైన, కింద బొమ్మలు. పొగగొట్టాలు, కార్లు, విమానం, నరికిన చెట్లు. బొమ్మ వేసినాయనకి కింద చోటు మిగిలినట్టుంది, అక్కడ అన్నిటికంటే పెద్దగా కట్టెల పొయ్యి ముందు కూచుని గొట్టంతో ఊదుతున్న ఆడమనిషిని వేశాడు. చీర గోచీ పోసి కట్టింది. ఏసీ కారులోంచి దిగిన సారు కర్రతో ఒక్కో బొమ్మా చూపించి, చివరికి ఈ బొమ్మ దగ్గర ఆగి, కట్టెల పొయ్యి వల్ల ఎంత నష్టమో చాలాసేపు చెప్పారు. మిగతా వాటి గురించి ఆయనకీ మాకూ చేసేదేమీ లేదు కదా మరి.

అప్ప లేచి పోస్టరు దగ్గరికి వెళ్ళింది. "ఈ ఇమానం ఎక్కినోల్లు మన వాడలో ఎవులున్నారు?" అంది వెనక్కి తిరిగి. ఎవరూ లేరు. "కారు?" ఎవరూ లేరు. "ఐతే ఇందులో మన బొమ్మ ఇదొక్కటేనర్రా," అని పొయ్యి ముందున్న మనిషి మీద వేలు పెట్టింది. "బాబూ, నా సుట్ట పొగ కూడా నాను బయటికి ఒదల్ను. నోట్లోనే మింగెస్తాను. ఇంకేటి సెయ్యమంతారు?"

ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. సారు కూడా నవ్వారు. నేను కూడా నవ్వాను. తరవాత పోస్టరు చుట్టేటప్పుడు మాత్రం నాకు సిగ్గేసింది.

ఆ వాడవాళ్ళకి తాబేలంటే శ్రీకూర్మం దేవుడే. వలలో పడితే వల కోసైనా వదిలేస్తారు, వదిలే ముందు నెత్తిన కుంకం పెడతారు. గుడ్లున్న దొడ్డిని అప్ప పురిటి ఇల్లులా చూసేది. ప్రతి గోతి దగ్గర నేను పాతిన కర్రకి వేపరెమ్మ కట్టేది. లోపల గట్టిగా మాట్లాడనిచ్చేది కాదు. పురిటి బిడ్డకి వెచ్చదనం మంచిదన్నది ఆవిడ నమ్మకం, కాబట్టి మొదటి ఏడు ఇసుక వేడెక్కుతోందని నేను కంగారు పడితే ఆవిడ సంబరపడింది. "ఏడి తగల్నీ. బేగి పుడతాయి గుంటలు," అంది. గుంటలంటే ఆవిడ మాటలో పిల్లలు. నిజంగానే ఆ ఏడు అనుకున్నదానికి వారం ముందే వచ్చేశాయి. ఫ్లెక్సీ మీదికెక్కిన ఫొటో అప్పుడు నేను తీసి ఆఫీసుకి పంపినదే.

వేడి ఇసుకలో పొదిగితే అన్నీ ఆడపిల్లలే పుడతాయని నేను చెప్పినప్పుడు అప్ప చుట్ట నోట్లో పెట్టుకోవడం మరిచిపోయింది.

"అన్నీ ఆడవేనా?"

"దాదాపు అన్నీ."

కాసేపు దొడ్డికేసి చూసింది. "మా వాడలాగేనన్నమాట," అంది. "మరి ఈల్ల మగోల్లు ఏ గుజరాత్ ఎల్తారంటావు?"

పిల్లల్ని వదిలేటప్పుడు వాటినే చూస్తూ నిలబడేది కాదు. నీటి అంచుకి తెచ్చి, వదిలి, వెంటనే వీపు తిప్పేసేది. ఎందుకంటే వెళ్ళేవాళ్ళని వెనకనుంచి చూడకూడదంది. మన చూపు వాళ్ళని వెనక్కి లాగుతుందట. సంస్థ వాళ్ళు తెచ్చిన వీడియో మనిషి "అమ్మా, సముద్రం వైపు చూడండి" అని ఎంత మొత్తుకున్నా తిరగలేదు.

రెండో ఏడు సంగతి రాయడానికి నాకు చేతులు రావడం లేదు. అయినా రాస్తాను.

మార్చి నెలాఖరుకే ఇసుక కుంపటిలా అయిపోయింది. మా నోట్‌బుక్కులో పెద్దాఫీసు వాళ్ళు ఎర్ర సిరాతో గీత గీసి ఇచ్చారు, అంకె ఈ గీత దాటకూడదని. ఏప్రిల్ మొదటివారంలో దాటింది. ఆ మధ్యాహ్నం అప్ప నడిచి చూసి, తడి ఇసుక మీదికి గెంతి, అక్కడే కూలబడింది.

"నాలుగు," అంది. "నాలుగు అడుగులే ఏసినాను పాపా. ఇది పురిటి ఏడి కాదు. గుంటలు ఉడికిపోతాయి. పందిరెయ్యాల."

ఆవిడ అప్పటికే తాటాకులు కొట్టించి తెచ్చి పెట్టుకుంది. పైన పందిరి వేసి, పొద్దునా సాయంత్రం ఆకుల మీద నీళ్ళు చల్లుదామంది. నాకూ అదే మంచిదనిపించింది. ఆఫీసుకి ఫోన్ చేశాను. మా పైనున్న సారు పద్ధతుల పుస్తకం తెరిచి చదివి వినిపించారు. పై నుంచి అనుమతి లేకుండా నీడ వేయకూడదు, తడపకూడదు, లెక్కలు పాడవుతాయి. అనుమతికి రాస్తాను, అంతదాకా ఏదీ ముట్టుకోవద్దు అన్నారు.

అప్పకి చెప్పాను. ఒప్పుకోలేదు. వేసేద్దాం, అడిగితే నేనే వేశానని చెప్పు అంది. నేను ఆవిడ చేతులు రెండూ పట్టుకున్నాను. "అప్పా, నా మీద ఒట్టు. రెండు మూడు రోజుల్లో అనుమతి వస్తుంది. అంతదాకా ముట్టుకోకు. ఏదైనా అయితే నాదీ పూచీ," అన్నాను.

"నీదీ పూసీ?"

"నాదే."

తాటాకులు దొడ్డి పక్కనే పడి ఉన్నాయి. అనుమతి రాలేదు. రోజూ ఫోన్ చేశాను, వస్తుందన్నారు. ఈలోగా పూండి దగ్గర ఉన్న కూతురికి నొప్పులొస్తున్నాయని కబురొచ్చింది. రెండు రోజులు వెళ్ళి రానా అని అప్ప అడిగింది. వెళ్ళి రమ్మన్నాను. ఆ రెండు రోజులూ నేనే వాడలో ఉండి, ఆవిడ పాకలోనే పడుకుని కాపలా కాశాను. మనవరాలు పుట్టిందని మిఠాయి పట్టుకుని మూడో రోజు పొద్దున్నే వచ్చేసింది.

పిల్లలు పైకి వచ్చే ముందు లోపల ఇసుక గీరుతాయి. అప్ప నేలకి చెవి ఆన్చి వినేది. ఆ ఏడు ప్రతి గోతి దగ్గరా పడుకుని విన్నది. ఏమీ వినబడలేదు. రోజులు దాటిపోయాయి. చివరికి ఒక ఉదయం, ఆఫీసు చెప్పినా చెప్పకపోయినా, చేతులతో తవ్వేసింది. గుడ్డు పగలదీసింది. లోపల కాళ్ళూ తలా ఏర్పడ్డ పిల్ల, కళ్ళు మూసుకుని ఉంది, చచ్చిపోయి. ఇంకోటి. ఇంకోటి. నేను చాలప్పా చాలు అంటున్నా ఆపలేదు. అన్ని గోతులూ తవ్వింది. వాసనకి కాకులు వచ్చాయి.

వాడ ఆడవాళ్ళు వలకి అవతల నిలబడి చూశారు. ఎవరో, "దేవుడి పిల్లలే. కాపలా ఎట్టుకుని సంపుకున్నారు," అన్నారు. అప్ప తల ఎత్తి నాకేసి చూసింది. నేను చెప్తాననుకుంది. నేను అప్పుడు ఫోన్‌లో ఉన్నాను, ఆఫీసుకి.

నివేదిక రాయమన్నారు. నేను ఉన్నది ఉన్నట్టు రాశాను మొదట. ఎండ, ఎర్రగీత, తాటాకులు, అడిగిన అనుమతి, రాని అనుమతి, అన్నీ. సారు శ్రీకాకుళం పిలిపించుకుని కూచోబెట్టి, టీ ఇప్పించి, చాలా నెమ్మదిగా మాట్లాడారు. ఇలా రాస్తే అనుమతి ఎందుకు ఇవ్వలేదని మనల్నే అడుగుతారమ్మా. దొడ్లన్నీ మూసేస్తారు. నీ కాంట్రాక్టు కూడా ఈ నెలే కదా చూడాలి. ఆవిడ రెండు రోజులు లేదట కదా? అది చాలు. ఆవిడకేం, చదువా, ఉద్యోగమా, రేపు ఇంకో పని చూసుకుంటుంది.

రాశాను. 'అనుమతి లేకుండా' అన్న మాట రాయడానికి కలం ఆగింది గానీ, ఆగి, మళ్ళీ నడిచింది. ఆవిడ ఇంటిపేరుతో సహా పూర్తి పేరు రాశాను. తాబేళ్ళకి ఎండ చేసిన ద్రోహం కంటే ఇది పెద్దదని నాకు అప్పుడే తెలుసు. తెలియదని ఎవరికీ చెప్పను.

మే నెలలో చివరిసారి సామాను తెచ్చుకోవడానికి వాడకి వెళ్ళాను. అప్ప చేపలు ఎండబెట్టే చోట అందరి మధ్యా కూచుని ఉంది. నన్ను చూసి లేచి, రొంట్లోంచి మడత పెట్టిన కాగితం తీసింది. ఆఫీసు నుంచి వచ్చిందట. వాడలో చదివేవాళ్ళున్నారు గానీ ఎవరికీ ఇవ్వలేదు.

"నువ్వైతే ఉన్నది ఉన్నట్టు సదువుతావని దాసినాను," అంది. "గట్టిగా సదువు. ఈల్లందరూ ఇనాల. నానే సంపీసినానని అంతన్నారు."

విప్పాను. నాలుగు వరసలు. నేను రాసిన వాక్యమే, కింద ఆఫీసు ముద్ర. కాపలా మనిషి అనుమతి లేకుండా రెండు రోజులు లేకపోవడం వల్ల గుడ్లు నష్టపోయినట్టు క్షేత్ర సహాయకురాలి నివేదిక ద్వారా తెలిసింది, ఇకమీదట ఆమె సేవలు అవసరం లేదు. ఏడెనిమిది మంది ఆడవాళ్ళు చేతులాపి నా నోటికేసి చూస్తున్నారు.

అబద్ధం చదివాను. కాగితం మీద కళ్ళు కదుపుతూ, ఈ ఏడాది విపరీతమైన ఎండల వల్ల ఇసుక కాలిపోయిందని, కాపలా ఆమె ముందే హెచ్చరించిందని, పందిరి వేద్దామంటే ఆఫీసు వాళ్ళే ఆలస్యం చేశారని, ఇందులో ఆమె తప్పు రవ్వంత కూడా లేదని, డబ్బులు లేక వచ్చే ఏడు దొడ్డి వేయడం లేదని చదివాను. చదువుతున్నకొద్దీ ఉత్సాహం వచ్చేసి, ఆమె సేవలు మరువలేనివని కూడా చదివాను. నేను మొదట రాసి చింపేసిన నివేదికే అది. ఒక పక్క ఏడుపొస్తోంది, ఒక పక్క ఎంతో మేలు చేస్తున్నట్టు ఉంది.

"ఇన్నారా?" అంది అప్ప ఆడవాళ్ళకేసి తిరిగి. "కాయితంలో అచ్చేసి ఇచ్చినారు. ఇన్నారా?" ఒకావిడ వచ్చి అప్ప భుజం మీద చెయ్యేసింది. అప్ప ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుని రొంట్లో దోపుకుంది. నన్ను బస్సు దాకా సాగనంపి, ఎండు నెత్తళ్ళు పొట్లం కట్టి ఇచ్చింది. నేను తీసుకున్నాను.

నా కాంట్రాక్టు పొడిగించలేదు. అది కూడా చెప్పాలి. సారు టీ ఇప్పించి చెప్పింది ఉత్తమాటే. నన్ను మోసం చేశారని నెల రోజులు ఇంట్లో కూచుని ఏడ్చాను. ఎవరిని ఎవరు మోసం చేశారో అప్పుడు గుర్తు రాలేదు. కాలేజీలో ఈ ఉద్యోగం దొరికాక, అప్ప గుర్తొచ్చినప్పుడల్లా ఆ చదివిన అబద్ధం తలుచుకుని, పోనీలే, వాళ్ళ మధ్య ఆవిడ పరువు నిలబెట్టాను అనుకునేదాన్ని.

రెండేళ్ళ తరవాత, 2018 మార్చిలో, కళింగపట్నం దగ్గర బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడు ఒక మధ్యాహ్నం వాడకి వెళ్ళాను. దొడ్డి ఉన్న చోటు లేదు. వల లేదు, కర్రలు లేవు, ఆ ఇసుకే లేదు. కెరటాలు కొడుతున్నాయి. ఆడవాళ్ళు అలవాటుగా చేపలు ఎండబెట్టుకుంటున్నారు. అప్ప వాళ్ళలో లేదు. వాళ్ళకి ఎడంగా, వెనక వరసలో తన పాక ముందు, ఒక్కత్తీ నాలుగు చేపలు పరుచుకుని కూచుంది.

పాక పక్కన తాటాకు పందిరి. పందిరి కింద ఇసుక దిబ్బ, దానిమీద ఆరేడు కర్రలు, కర్రలకి వేపరెమ్మలు. ఆకుల మీంచి నీళ్ళు కారుతున్నాయి.

"నిరుడు అన్నీ బతికినాయి," అంది నన్ను చూసి. రమ్మనలేదు, కూచోమనలేదు. నేనే కూచున్నాను.

చెప్పింది. నేను చదివి వెళ్ళిన కొన్నాళ్ళకి ఎవరో మళ్ళీ మాట తూలితే, కావాలంటే చూడండి అని కాగితం తీసుకెళ్ళి అంగన్‌వాడీ టీచరమ్మ చేతిలో పెట్టిందట, అందరి ముందూ చదవమని. టీచరమ్మ చదివింది. ఉన్నది ఉన్నట్టు.

"నాకు అప్పుడే అనుమానం రావాల," అంది అప్ప. "కాయితం సూస్తే నాలుగు వరసలు. నువ్వు నా సుట్ట ఆరిపోయీదాకా సదివినావు."

నేను వేలితో ఇసుక గీశాను.

"పిల్లల్ని సంపీసింది, మల్లీ దొంగసదువు సదివించుకుందని అన్నారు. ఎవులింట్లో ఏటైనా నా మీదికే. బోటు పాడైనా నానే, గుంటకి జొరమొచ్చినా నానే. నా పక్కన సేపలు ఆరెయ్యరు." ముందున్న చేపల్ని తిరగేసింది. "అందులో సేత్ర సహాయకురాలు అని ఉన్నాదట. అదెవులు పాపా?"

"నేనే అప్పా."

"కూతురు పురిటికి ఎల్లమన్నాది?"

"నేనే."

ఆవిడ నన్ను కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. "సముద్రం ఇల్లు తీసుకెల్తే ఏడ్సినాను గానీ దాన్ని సీ అన్లేదు. దానికి నోరు నేదు, మనకి మాటివ్వలేదు. నువ్విచ్చినావు కదే. నాదే పూసీ అన్నావు," అంది. గొంతు పెంచలేదు. ఆ తరవాత చీర కొంగుతో మొహం తుడుచుకుని, చాలా మామూలుగా అడిగింది.

"ఒక్క పని సెయ్యి. నాకేటీ ఒద్దు. ఆల్లందరూ అక్కడే ఉన్నారు. ఎల్లి, రాసింది నానే, అబద్దం రాసినాను అని సెప్పు. తప్పు అప్పది కాదని ఒక్క మాట సెప్పీసి ఎలిపో."

చేపలు ఎండబెట్టే చోటు ఎంతో దూరం లేదు. ఆడవాళ్ళు అప్పటికే ఇటు చూస్తున్నారు. నేను లేచాను. రెండడుగులు వేశాను కూడా. అంతమంది మొహాలు ఒక్కసారి నాకేసి తిరిగేసరికి ఆగిపోయాను. అప్పకేసి తిరిగి, వాచీ చూసుకుని, "బస్సు టైమైపోతోందప్పా. ఇంకోసారి తీరిగ్గా వచ్చి చెప్తాను," అన్నాను.



"అవును పాపా," అంది. "అది తప్పిపోతే మల్లీ పొద్దోయేదాకా నేదు. ఎల్లు."

కుండ తీసుకుని పందిరి మీద నీళ్ళు చల్లడానికి వెళ్ళిపోయింది.

నేను వెళ్ళి బస్సులో కూచున్నాను. డ్రైవరు కిళ్ళీ కొట్టు దగ్గర ఎవరితోనో కబుర్లలో పడ్డాడు. బస్సు ఇంకో అరగంట కదల్లేదు. నా సీటు కిటికీలోంచి ఆ ఆడవాళ్ళు, ఒక్కొక్కళ్ళ మొహం గుర్తుపట్టేంత దగ్గరగా, కనిపిస్తూనే ఉన్నారు. నేను దిగలేదు.